జిమ్మీ బ్యారీ-మర్ఫీ: రెండు ఆటల్లో చాంపియన్, ఆపై కోచ్

జిమ్మీ బ్యారీ-మర్ఫీ ఐర్లండ్‌కు చెందిన మాజీ హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ ఆటగాడు, హర్లింగ్ కోచ్. 1954 ఆగస్టు 22న కార్క్ నగరంలో పుట్టారు. కార్క్ కౌంటీ తరఫున ఫుట్‌బాల్‌లో ఒకసారి, హర్లింగ్‌లో ఐదుసార్లు ఆల్-ఐర్లండ్ సీనియర్ టైటిల్ గెలిచారు. ఆట మానేశాక కోచ్‌గా వచ్చి 1995లో కార్క్ మైనర్ జట్టును, 1999లో సీనియర్ జట్టును చాంపియన్లుగా నిలబెట్టారు. కార్క్‌లో ఆయన పేరు పూర్తిగా ఎవరూ పలకరు. జేబీఎం అంటే చాలు, చిన్న పిల్లాడికి కూడా తెలుస్తుంది.

ఇంత పేరున్న మనిషి మన దగ్గర దాదాపు ఎవరికీ తెలియదు. దానికి కారణం ఆయన కాదు, ఆయన ఆడిన ఆటలు. ఐర్లండ్ దాటితే ఈ ఆటలు కనిపించేది ఐరిష్ వాళ్లు వలస వెళ్లిన చోట్లే. ఇంకో విషయం కూడా ముందే చెప్పుకోవాలి. ఇందులో ఆటగాళ్లకు జీతం లేదు. ఎనభై వేల మంది చూస్తుండగా ఆదివారం ఫైనల్ ఆడిన కుర్రాడు ఆ వారంలోనే బడిలో పాఠం చెప్పడానికో, బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చోవడానికో వెళ్తాడు. జేబీఎం జీవితాన్ని ఈ లెక్కలో పెట్టి చూస్తేనే అర్థమవుతుంది.

ఈ ఆటలేంటి?

హర్లింగ్‌ను హాకీకి పెద్దన్న అనుకోవచ్చు. జట్టుకు 15 మంది. చేతిలో యాష్ అనే చెట్టు కలపతో చేసిన కర్ర ఉంటుంది. ఐరిష్ భాషలో దాన్ని కామాన్ అంటారు. మన హాకీ కర్రలా సన్నగా వంగి ఉండదు, చివర వెడల్పుగా పలకలా ఉంటుంది. బంతి పేరు స్లిటర్. తోలు కుట్టిన ఈ గట్టి బంతి దాదాపు క్రికెట్ బంతి సైజులోనే ఉంటుంది. దాన్ని నేల మీద కొట్టొచ్చు, గాల్లో ఉండగానే కొట్టొచ్చు, కర్ర చివర నిలబెట్టుకుని పరుగెత్తొచ్చు. హాకీలో కర్ర భుజం దాటితే అంపైర్ విజిల్ వేసే రోజులు మన పెద్దలకు గుర్తుండే ఉంటాయి. ఇక్కడ తల మీది నుంచి తిప్పి కొట్టడమే ఆట. హెల్మెట్ తప్పనిసరి చేసింది 2010లో. అంటే జేబీఎం తరం ఆడేటప్పుడు పెట్టుకోవాలా వద్దా అన్నది ఆటగాడి ఇష్టం.

గేలిక్ ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టుకోవచ్చు. కానీ పట్టుకుని నాలుగు అడుగులకు మించి వెళ్లకూడదు. మధ్యలో నేలకు కొట్టాలి, లేదా కాలితో తన్ని మళ్లీ చేతిలోకి తెచ్చుకోవాలి. రెండు ఆటలకూ గోల్ స్తంభాలు ఇంగ్లిష్ అక్షరం హెచ్ ఆకారంలో ఉంటాయి. అడ్డకర్ర కింద నుంచి వలలోకి పంపితే గోల్, దాని విలువ మూడు పాయింట్లు. అడ్డకర్ర పైనుంచి పంపితే మామూలుగా ఒక పాయింట్. అందుకే స్కోరు 3-17 అని రాస్తారు. మూడు గోల్స్, పదిహేడు పాయింట్లు, మొత్తం 26 అన్నమాట. ఈ లెక్క ఒక్కటి గుర్తుంచుకుంటే కింద వచ్చే అంకెలు తికమక పెట్టవు.

ఈ రెండు ఆటలనూ నడిపేది గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్. 1884 నవంబర్ 1న టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ పట్టణంలో, ఒక హోటల్లో మొదలైంది. ఐర్లండ్ అప్పుడు బ్రిటిష్ పాలనలో ఉంది. తెల్లదొరల క్రికెట్, రగ్బీ ముందు సొంత ఆటలు కనుమరుగవుతున్నాయన్న బాధ నుంచి పుట్టిన సంస్థ ఇది. 1920 నవంబర్ 21న డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానంలో మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపితే 14 మంది చనిపోయారు. వాళ్లలో మైకేల్ హోగన్ అనే టిప్పరరీ ఆటగాడు కూడా ఉన్నాడు. మన జలియన్‌వాలాబాగ్ జరిగిన మరుసటి ఏడాదే ఇది. అక్కడి వాళ్లకు ఈ ఆటలంటే ఉన్న పట్టింపు అర్థం కావాలంటే ఈ ముక్క తెలియాలి. ఆ పట్టింపు ఎంతదాకా వెళ్లిందంటే, సాకర్, రగ్బీ, క్రికెట్ లాంటి 'విదేశీ' ఆటలు ఆడిన సభ్యుణ్ని సంస్థ నుంచి బయటికి పంపేవాళ్లు. ఆ నిషేధం తీసేసింది 1971లో. అప్పటికి జేబీఎంకు పదహారేళ్లు.

ఇల్లు, క్లబ్, పెద్దవాళ్ల నీడ

కార్క్‌లో ఆయన క్లబ్ సెయింట్ ఫిన్‌బార్స్. కార్క్ జనం ముద్దుగా 'ద బార్స్' అంటారు. ఈ ఆటల్లో ఆటగాళ్లను కొనడం, అమ్మడం ఉండదు. పుట్టి పెరిగిన పేట క్లబ్బే నీ క్లబ్. అందులో బాగా ఆడితే కౌంటీ జట్టులోకి తీసుకుంటారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. అంతకంటే పై మెట్టు లేదు.

హర్లింగ్ ఆ ఇంట్లోకి కొత్తగా వచ్చింది కాదు. తాత వరస అయ్యే డిన్నీ బ్యారీ-మర్ఫీ 1920లలో కార్క్ తరఫున పేరున్న ఆటగాడు, 1929లో కౌంటీ గెలిచినప్పుడు కెప్టెన్ ఆయనే. ఇక కార్క్ అంటేనే క్రిస్టీ రింగ్ ఊరు. ఎనిమిది ఆల్-ఐర్లండ్ పతకాలు గెలిచిన రింగ్‌ను హర్లింగ్‌లో అందరికన్నా గొప్పవాడని చాలామంది అంటారు. జాక్ లించ్ కూడా ఇక్కడివాడే. 1941 నుంచి 1946 దాకా వరుసగా ఆరేళ్లు ఆరు టైటిళ్లు, అందులో ఐదు హర్లింగ్‌లో, 1945లో ఒకటి ఫుట్‌బాల్‌లో గెలిచిన లించ్ తర్వాత దేశ ప్రధానమంత్రి అయ్యారు. రెండు ఆటలూ ఆడటం కార్క్‌లో ఒక ఆనవాయితీ అని చెప్పడానికే ఈ పేర్లు.

జేబీఎం కూడా అలాగే రెండు చేతులా ఆడుకుంటూ పెరిగారు. 1971లో మైనర్ హర్లింగ్‌లో, 1972లో మైనర్ ఫుట్‌బాల్‌లో ఆల్-ఐర్లండ్ గెలిచారు. మైనర్ అంటే అప్పట్లో 18 ఏళ్ల లోపు వాళ్ల విభాగం.

పందొమ్మిదేళ్లకే పెద్ద ఫైనల్

ముందు పేరు తెచ్చింది హర్లింగ్ కాదు, ఫుట్‌బాల్. 1973 సెప్టెంబర్‌లో క్రోక్ పార్క్‌లో కార్క్, గాల్వే మధ్య ఫైనల్. కార్క్ ఫుట్‌బాల్ టైటిల్ గెలిచి 28 ఏళ్లయింది. చివరిసారి జాక్ లించ్ ఆడిన 1945లోనే. ఆ రోజు ఫార్వర్డ్‌గా దిగిన పందొమ్మిదేళ్ల కుర్రాడు రెండు గోల్స్, ఒక పాయింట్ కొట్టాడు. కార్క్ 3-17 తో గాల్వేను 2-13 దగ్గర ఆపేసింది. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ దేశంలోని ఉత్తమ ఆటగాళ్లకు ఇచ్చే ఆల్ స్టార్ అవార్డు ఫుట్‌బాల్‌లో ఆయనకు దక్కింది.

ఇక్కడి నుంచి కార్క్ ఫుట్‌బాల్ ఏలేస్తుందని అందరూ అనుకున్నారు. కానీ 1975 నుంచి పక్క కౌంటీ కెర్రీ దారికి అడ్డంగా నిలబడింది. మిక్ ఓ'డ్వయర్ కోచ్‌గా తయారుచేసిన ఆ జట్టు ఫుట్‌బాల్ చరిత్రలోనే అత్యుత్తమమని నేటికీ చెప్పుకుంటారు. కార్క్, కెర్రీ రెండూ మన్‌స్టర్ ప్రాంతంలోనివే. అప్పటి పద్ధతిలో ప్రాంతీయ ఫైనల్లో ఓడితే ఆ ఏడాదికి ఇంటికే. కెర్రీ నీడలో పడి జేబీఎం రెండో ఫుట్‌బాల్ పతకం చూడలేకపోయారు. వేరే కౌంటీలో పుట్టి ఉంటే ఆ లెక్క వేరేగా ఉండేదేమో. కానీ చెప్పుకున్నాం కదా, ఇక్కడ కౌంటీ మారడం అనే మాటే రాదు.

కర్ర చేతిలో ఉంటే

1975లో హర్లింగ్ సీనియర్ జట్టులోకి వచ్చారు. 1976, 1977, 1978 మూడేళ్లూ కార్క్‌దే టైటిల్. మొదటి రెండు ఫైనళ్లలో వెక్స్‌ఫర్డ్‌ను, మూడోదాంట్లో కిల్కెనీని ఓడించారు. 1978 ఫైనల్లో కార్క్ కొట్టిన ఏకైక గోల్ జేబీఎందే. ఆ మూడేళ్లూ జట్టును ఎంపిక చేసిన పెద్దల్లో క్రిస్టీ రింగ్ ఒకరు. నాలుగో టైటిల్ మీద ఆశ పెట్టుకున్న 1979లో సెమీఫైనల్లో గాల్వే ఆపేసింది. రింగ్ ఆ ఏడాది మార్చిలోనే చనిపోయారు.

ఇదే కాలంలో సెయింట్ ఫిన్‌బార్స్ క్లబ్ 1975, 1978లలో హర్లింగ్‌లో, 1980, 1981లలో ఫుట్‌బాల్‌లో క్లబ్బుల ఆల్-ఐర్లండ్ గెలిచింది. ఒకే పేట నుంచి రెండు ఆటల్లోనూ దేశంలో నంబర్ వన్. అలాంటి వాతావరణంలో ఒక ఆదివారం కర్ర, మరో ఆదివారం బంతి పట్టుకోవడం వింతేమీ కాదు. అయినా రెండు కౌంటీ జట్ల భారం ఒక ఒంటికి ఎక్కువే. మెల్లగా కౌంటీ ఫుట్‌బాల్ పక్కకు జరిగింది, హర్లింగ్ మిగిలింది.

జేబీఎం ఆట ఎలా ఉండేదంటే, అవసరం లేని పరుగు ఉండదు. మ్యాచ్‌లో పది నిమిషాల పాటు ఆయన ఉన్నారో లేదో తెలియదు. పదకొండో నిమిషంలో బంతి వలలో ఉంటుంది. దీనికి ఒక్క ఉదాహరణ చాలు. 1983 సెమీఫైనల్, ప్రత్యర్థి గాల్వే. జాన్ ఫెంటన్ దూరం నుంచి కొట్టిన బంతి గాల్లో దూసుకొస్తోంది. మామూలుగా అయితే చేత్తో పట్టుకుంటారు, లేదంటే కర్రతో ఆపి అదుపులోకి తెచ్చుకుంటారు. జేబీఎం ఆ రెండూ చేయలేదు. వస్తున్న బంతిని వస్తున్నట్టే గాల్లో ఒక్క దెబ్బ కొట్టారు. గోల్‌కీపర్ కదిలే లోపు వలలో పడింది. హర్లింగ్‌లో ఇప్పటిదాకా వచ్చిన గొప్ప గోల్స్ జాబితా ఎవరు రాసినా అందులో ఇది ఉండి తీరుతుంది.

అయితే ఆ సెమీఫైనల్ తర్వాత వచ్చిన ఫైనల్ గురించి కార్క్ వాళ్లు అంత జోష్‌తో మాట్లాడరు.

కెప్టెన్‌గా రెండుసార్లు ఓటమి

1982, 1983 రెండేళ్లూ కార్క్ కెప్టెన్ జేబీఎం. రెండేళ్లూ ఫైనల్ చేరారు. రెండేళ్లూ కిల్కెనీ చేతిలో ఓడారు. మొదటిది 3-18 కి 1-13, దాదాపు ఏకపక్షం. రెండోది 2-14 కి 2-12, రెండే పాయింట్ల తేడా. ఇన్ని పతకాలు గెలిచిన మనిషికి కెప్టెన్‌గా కప్పు అందుకునే అవకాశం మాత్రం రాలేదు. 1982లో ఎదుటి జట్టు కెప్టెన్‌గా కప్పు ఎత్తిన ఆటగాడి పేరు బ్రయన్ కోడీ. ఈ పేరు గుర్తుంచుకోండి, పదిహేడేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

1984 సంస్థకు వందో ఏడు. ఆ గౌరవంగా హర్లింగ్ ఫైనల్‌ను డబ్లిన్‌లో కాకుండా, సంస్థ పుట్టిన థర్లెస్‌లో పెట్టారు. వరుసగా మూడో ఫైనల్ కూడా ఓడితే కార్క్‌లో ముఖం చూపించలేని పరిస్థితి. ఆఫలీ మీద 3-16 కి 1-12 తో గెలిచారు. కప్పు అందుకున్నది ఫెంటన్. 1986లో గాల్వేను ఓడించి ఐదో హర్లింగ్ పతకం. 1987లో, ఇంకా 33 నిండకుండానే, కౌంటీ ఆట నుంచి తప్పుకుంటున్నానని చెప్పేశారు. లెక్క చూస్తే మన్‌స్టర్ టైటిళ్లు హర్లింగ్‌లో పది, ఫుట్‌బాల్‌లో రెండు. ఆల్ స్టార్ అవార్డులు ఏడు, అందులో ఐదు హర్లింగ్‌లో.

ఉస్తాద్ అవతారం

గొప్ప ఆటగాడు గొప్ప కోచ్ అవుతాడన్న హామీ ఏ ఆటలోనూ లేదు. తనకు సహజంగా వచ్చినది ఇంకొకరికి ఎందుకు రావడం లేదో అర్థం కాక చిరాకుపడే వాళ్లనే ఎక్కువగా చూస్తాం. జేబీఎం మొదట కుర్రాళ్లతో మొదలుపెట్టారు. 1995లో ఆయన తయారుచేసిన కార్క్ మైనర్ జట్టు ఫైనల్లో కిల్కెనీని ఓడించి ఆల్-ఐర్లండ్ గెలిచింది. డోనల్ ఓగ్ క్యూసాక్, షాన్ ఓగ్ ఓ హాల్పిన్, జో డీన్ ఆ జట్టులోని వాళ్లే.

షాన్ ఓగ్ గురించి ఒక మాట. తండ్రి ఐరిష్, తల్లిది ఫిజీ దేశంలోని రొటూమా దీవి. ఫిజీలో పుట్టి, ఆస్ట్రేలియాలో పెరిగి, పదేళ్లు దాటాక కార్క్ వచ్చి కర్ర పట్టిన కుర్రాడు. చెరకు తోటల కూలీలుగా మన తెలుగువాళ్లు వెళ్లిన ఫిజీయే ఇది. ఐరిష్ భాష నేర్చుకుని, తర్వాత కార్క్ కెప్టెన్ అయి, 2005లో కప్పు అందుకుని ఐరిష్‌లోనే ప్రసంగించాడు.

మైనర్ విజయం చూసి సీనియర్ జట్టు బాధ్యత ఇచ్చారు. మొదటి మ్యాచ్ 1996 మేలో, సొంత మైదానం పార్క్ ఈ క్వీవ్‌లో, లిమరిక్ మీద. కార్క్ 1-8, లిమరిక్ 3-18. పదహారు పాయింట్ల తేడా. చాంపియన్‌షిప్‌లో కార్క్ సొంతగడ్డ మీద ఓడి అప్పటికి 70 ఏళ్లు దాటింది. ఆ రికార్డు కాస్తా ఆటగాడిగా దేవుడనిపించుకున్న మనిషి కోచ్‌గా వచ్చిన తొలి రోజే పోయింది. 1997లో క్లేర్ చేతిలో ఓటమి. 1998లో నేషనల్ లీగ్ గెలిచినా, అసలు చాంపియన్‌షిప్‌లో మళ్లీ క్లేరే దెబ్బ కొట్టింది.

మూడేళ్లు, మూడు ఓటములు. కార్క్ లాంటి చోట ఇది చిన్న విషయం కాదు. మనకు క్రికెట్ ఎలాగో వాళ్లకు హర్లింగ్ అలాగ, బస్టాపులో నిలబడ్డ ప్రతి మనిషీ సెలెక్టరే. జేబీఎం పేరు కాకుండా ఇంకో పేరు ఉంటే అంత ఓపిక పట్టేవాళ్లా అన్నది అనుమానమే.

1999: ఆరుగురు కొత్త కుర్రాళ్లు

నాలుగో ఏడు తేలకపోతే కథ ముగిసినట్టే. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? అనుభవం ఉన్నవాళ్లను పట్టుకుని వేలాడతారు. జేబీఎం సరిగ్గా దీనికి ఉల్టా చేశారు. మన్‌స్టర్ సెమీఫైనల్లో వాటర్‌ఫర్డ్ మీద చాంపియన్‌షిప్ అనుభవమే లేని ఆరుగురిని ఒకేసారి దింపారు. గోల్‌లో డోనల్ ఓగ్ క్యూసాక్, వెనక వేన్ షెర్లాక్, మధ్యలో మిక్కీ ఓ'కానెల్, ముందు టిమ్మీ మెక్‌కార్తీ, బెన్ ఓ'కానర్, నీల్ రోనన్. దాదాపు అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ల వాళ్లు. జట్టులో పెద్ద దిక్కు అనదగ్గ బ్రయన్ కోర్కరన్‌కు కూడా 26 ఏళ్లే. అతను కూడా ఒకప్పుడు కార్క్‌కు రెండు ఆటలూ ఆడినవాడే.

ఇది మొండి ధైర్యం అని అప్పుడు అనుకున్నవాళ్లు ఉన్నారు. కానీ ఒక సంగతి మర్చిపోకూడదు. ఆ కుర్రాళ్లలో చాలామంది ఆట ఆయనకు మైనర్ రోజుల నుంచే తెలుసు. అదీగాక పందొమ్మిదేళ్ల వాడు ఆల్-ఐర్లండ్ ఫైనల్లో ఏం చేయగలడో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1973లో ఆయనే ఆ కుర్రాడు.

వాటర్‌ఫర్డ్ పోయింది. మన్‌స్టర్ ఫైనల్లో క్లేర్. రెండేళ్లుగా ఇంటికి పంపుతున్న అదే క్లేర్. కార్క్ 1-15, క్లేర్ 0-14. ఆల్-ఐర్లండ్ సెమీఫైనల్లో అంతకుముందు ఏడాది చాంపియన్ ఆఫలీ మీద 0-19 కి 0-16. ఇక ఫైనల్. సెప్టెంబర్ 12, వర్షం, జారే బంతి, ఎదురుగా కిల్కెనీ. కిల్కెనీ కోచ్‌గా ఆ ఏడాదే బాధ్యత తీసుకున్న మనిషి బ్రయన్ కోడీ. 1982లో ఇద్దరు కెప్టెన్లు, ఇప్పుడు ఇద్దరు కోచ్‌లు.

ఆ ఫైనల్ చూడటానికి అందంగా లేదు. రెండు జట్లూ ఒక్క గోల్ కూడా కొట్టలేదు. రెండో సగంలో కిల్కెనీ నాలుగు పాయింట్లు ముందుకెళ్లింది. అక్కడి నుంచి షానీ మెక్‌గ్రాత్, జో డీన్ లాంటి చిన్న ఆకారం గల ఫార్వర్డ్‌లు ఒక్కో పాయింట్ ఏరుకుంటూ వచ్చారు. కార్క్ 0-13, కిల్కెనీ 0-12. తొమ్మిదేళ్ల తర్వాత కప్పు మార్క్ లాండర్స్ చేతికి వచ్చింది. కార్క్‌కు అది 28వ టైటిల్. దాదాపు ఐదు వారాల తర్వాత, అక్టోబర్ 20న జాక్ లించ్ కన్నుమూశారు.

కోడీ సంగతి కూడా చెప్పాలి. ఆ ఓటమి తర్వాత ఆయన 2022 దాకా కిల్కెనీతోనే ఉండి 11 ఆల్-ఐర్లండ్ టైటిళ్లు గెలిపించారు. అంత దూరం నడిచిన కోచ్‌ను మొదటి ఏడాది ఫైనల్లో ఓడించింది ఆ పిల్లల జట్టు.

2000లో కార్క్ మళ్లీ మన్‌స్టర్ గెలిచింది, సెమీఫైనల్లో ఆఫలీ బదులు తీర్చుకుంది. జేబీఎం తప్పుకున్నారు. ఆయన దింపిన కుర్రాళ్లు మాత్రం ఆగలేదు. 2004లో బెన్ ఓ'కానర్ కెప్టెన్‌గా, 2005లో షాన్ ఓగ్ కెప్టెన్‌గా మళ్లీ మళ్లీ గెలిచారు. ఆ 2005 తర్వాత కార్క్‌కు టైటిల్ లేదు. 2024లో క్లేర్ చేతిలో, 2025లో టిప్పరరీ చేతిలో ఫైనల్లో ఓడింది. 2025లో కొత్త కోచ్‌గా తీసుకున్నది ఎవరినో తెలుసా, 1999 నాటి ఆ ఆరుగురిలో ఒకడైన బెన్ ఓ'కానర్‌నే.

రెండోసారి

జేబీఎం లేని కాలంలో కార్క్ హర్లింగ్‌లో పెద్ద గొడవలే జరిగాయి. జీతం లేకుండా ఆడుతున్నాం, కనీసం సరైన వైద్యం, వ్యాయామ సౌకర్యాలు, ప్రయాణ ఏర్పాట్లయినా ఇవ్వండి అని ఆటగాళ్లు 2002 చివర్లో సమ్మెకు దిగారు. తర్వాత కోచ్‌ల ఎంపిక మీద 2007, 2009 ప్రాంతాల్లో మళ్లీ సమ్మెలు. ఇళ్లలో అన్నదమ్ములు కూడా రెండు పక్షాలుగా చీలిపోయిన రోజులవి. ఆ గాయాలు ఆరకముందే, 2011లో అందరికీ ఆమోదమైన పేరు కావాలని వెతికితే మళ్లీ జేబీఎం దగ్గరికే వచ్చారు.

కాదన్న వాళ్లు లేరు కానీ పని సులువు కాదు. మునుపటి కోచ్ పక్కన పెట్టిన షాన్ ఓగ్‌ను 2012లో వెనక్కి పిలిచారు. 1995 నుంచి తెలిసిన డోనల్ ఓగ్ క్యూసాక్‌ను మాత్రం 2013 జట్టులోకి తీసుకోలేదు. గోల్‌లో ఆంథొనీ నాష్ స్థిరపడ్డాడు. పద్నాలుగేళ్ల కింద తనే దింపిన మనిషిని తనే తప్పించడం ఏ కోచ్‌కైనా తేలిక కాదు. కోచింగ్‌లో బయటికి కనపడని బరువు ఇదే అనిపిస్తుంది.

2013 వింత సీజన్. కార్క్ లీగ్‌లో కింది డివిజన్‌కు పడిపోయింది, మన్‌స్టర్ ఫైనల్లో లిమరిక్ చేతిలో ఓడింది. అయినా కిందా మీదా పడి ఆల్-ఐర్లండ్ ఫైనల్ చేరింది. ఎదురుగా క్లేర్. అదనపు సమయంలో పాట్రిక్ హోర్గన్ కొట్టిన పాయింట్‌తో కార్క్ ఒక పాయింట్ ముందుంది. ఇంకొన్ని క్షణాలు గడిస్తే కప్పు వాళ్లదే. అప్పుడు క్లేర్ డిఫెండర్ డోనల్ ఓ'డనోవన్, తన జాగా వదిలి ముందుకొచ్చి, చివరి దెబ్బతో సమం చేశాడు. కార్క్ 3-16, క్లేర్ 0-25. గోల్‌కు మూడు లెక్కన కలిపి చూడండి, రెండూ 25. మూడు వారాల తర్వాత మళ్లీ ఆడితే క్లేర్ 5-16, కార్క్ 3-16. ఆ రోజు షేన్ ఓ'డానెల్ అనే పందొమ్మిదేళ్ల క్లేర్ కుర్రాడు ఒక్కడే మూడు గోల్స్, మూడు పాయింట్లు కొట్టాడు. పందొమ్మిదేళ్ల వాడి దెబ్బ ఎలా ఉంటుందో జేబీఎంకు ఈసారి అవతలి వైపు నుంచి తెలిసింది.

2014లో మన్‌స్టర్ గెలిచారు. పాత పార్క్ ఈ క్వీవ్‌ను కూల్చి కొత్తది కట్టే ముందు అక్కడ జరిగిన ఆఖరి మన్‌స్టర్ హర్లింగ్ ఫైనల్ అది, లిమరిక్ మీదే. 1996లో తొలి రోజు అవమానం జరిగిన మైదానం, అదే ప్రత్యర్థి. ఆల్-ఐర్లండ్ సెమీఫైనల్లో టిప్పరరీ ఆపింది. 2015 సీజన్ తర్వాత జేబీఎం కౌంటీ బాధ్యతల నుంచి తప్పుకున్నారు.

ఇంటి సంగతి

కొడుకు బ్రయన్ బ్యారీ-మర్ఫీ తండ్రి దారిలో కాకుండా సాకర్‌లోకి వెళ్లాడు. కార్క్ సిటీతో మొదలై ఇంగ్లండ్‌లో ప్రెస్టన్, షెఫీల్డ్ వెన్స్‌డే, బరీ, రోచ్‌డేల్ జట్లకు ఆడాడు. తర్వాత రోచ్‌డేల్‌కు, మాంచెస్టర్ సిటీ యువ జట్టుకు కోచింగ్ చేసి, 2025లో కార్డిఫ్ సిటీ కోచ్ అయ్యాడు. తండ్రికి పదహారేళ్లు వచ్చేదాకా గేలిక్ ఆటగాళ్లకు నిషేధంగా ఉన్న ఆటే కొడుక్కి ఉద్యోగం.

రెండు ఆటలూ ఆడేవాళ్లు ఇప్పుడేరి?

జేబీఎంలా రెండు ఆటల్లో కౌంటీకి ఆడటాన్ని మించిన ఘనత కార్క్‌కే చెందిన టెడ్డీ మెక్‌కార్తీది. 1990లో కార్క్ రెండు టైటిళ్లూ గెలిచినప్పుడు రెండు ఫైనళ్లలోనూ ఆడాడు. ఒకే ఏడాది రెండు సీనియర్ ఫైనళ్లలో ఆడి గెలిచిన మనిషి ఆయన ఒక్కడే. 2023లో చనిపోయారు. ఆ తర్వాతి తరాల్లో ఇలాంటి ఆటగాళ్లు తగ్గుతూ వచ్చారు, ఇప్పుడు పెద్ద కౌంటీల్లో దాదాపు కనపడరు.

కారణం మరీ పెద్ద రహస్యమేమీ కాదు. 1970లలో కౌంటీ జట్టు తాలీమ్ అంటే వారానికి రెండు మూడు సాయంత్రాలు. ఇప్పుడు చలికాలం నుంచే జిమ్, మైదానం, వీడియో సమావేశాలు, తిండి లెక్కలు. ఉద్యోగం చేసుకుంటూ ఒక జట్టుకే టైం సరిపోదు, రెండు జట్లకు ఎక్కడి నుంచి తెస్తారు? పైగా ఇద్దరు కోచ్‌లు ఒకే కుర్రాణ్ని పంచుకోవాలి. ఆదివారం ఫుట్‌బాల్ ఆడి అలసిన మోకాలితో బుధవారం హర్లింగ్ కోచ్ ఏం చేసుకుంటాడు? ఎవరి వైపు నుంచి చూస్తే వాళ్లదే న్యాయం.

రెండు ఆటల్లో పతకాలు తెచ్చుకున్న మనిషికి ఈ ప్రశ్న కోచ్‌గా కూడా ఎదురైంది. 2014లో ఏడన్ వాల్ష్, ఇయోన్ కాడొగన్, డేమియన్ కాహలేన్ కార్క్ తరఫున హర్లింగ్, ఫుట్‌బాల్ రెండూ ఆడటానికి జేబీఎం, ఫుట్‌బాల్ కోచ్ బ్రయన్ కత్‌బర్ట్ ఒప్పుకున్నారు. శిక్షణ రోజులు పంచుకుని, మ్యాచ్‌ల మధ్య విశ్రాంతి చూసుకుని ఆ వేసవి నడిపించారు. హర్లింగ్‌లో మన్‌స్టర్ టైటిల్ వచ్చింది, ఫుట్‌బాల్‌లో ఫైనల్లో కెర్రీ చేతిలో ఓడారు. మరుసటి సీజన్‌కు ముగ్గురూ ఏదో ఒక్క ఆట ఎంచుకోవాల్సి వచ్చింది.